ఉపాధ్యాయునకు రేఖాగణితము నేర్పినవారు

త్రిభుజములోని మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములకు సమానమని బాలురకు ఏ విధముగా బోధింపవలెను? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పిన గ్రంథములు లెక్కకు మిక్కిలి. కాని ఆ సంగతిని బాలురకు చెప్పబోవు ఉపాధ్యాయునకు రేఖాగణితము ఎవరు నేర్పవలెను, ఎంత నేర్పవలెను, ఏ రీతిని నేర్పవలెను అను ప్రశ్న అంత తరచుగ వినబడదు. పరీక్షలో తప్పిన బాలుడు ఇంటిల్లిపాదికిని కనబడును. అతనికి పాఠము చెప్పిన ఉపాధ్యాయుడు తాను చదువుకొన్ననాడు ఏమి వినెనో, ఏమి వినలేదో ఎవరికిని కనబడదు. మేము నేడు చెప్పదలచినది ఆ కనబడని సంగతి చరిత్ర.

రేఖాగణితమను పేరే మనకు ఒక పాఠ్యగ్రంథమునుండి వచ్చినది. జయపురము నిర్మించిన సవాయి జయసింహుని ఆస్థానమున నుండిన జగన్నాథ సమ్రాట్టు 18వ శతాబ్ది పూర్వార్ధమున యూక్లిడు గ్రంథమును అరబ్బీనుండి సంస్కృతములోనికి దెచ్చి, దానికి 'రేఖాగణితము' అని పేరిడెను. ఆ మూలగ్రంథము క్రీస్తుకు పూర్వము 300 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరములో పుట్టినది. 13 భాగములు గలది. అది పిల్లలకొరకు వ్రాసిన పుస్తకము కాదు. అయినను ఐరోపాఖండమున శతాబ్దముల తరబడి పిల్లల చేతికి దానినే ఇచ్చిరి. అట్టి కాలమున ఉపాధ్యాయునకు ప్రత్యేకశిక్షణ యేల? పుస్తకము ముందుంచుకొని, సిద్ధాంతములను వరుస తప్పకుండ అప్పగించుకొన్నచో ఆయన పని ముగిసినట్లే.

ఉపాధ్యాయులగుటకే వచ్చిన పెద్దవారిని ఒకచోట కూర్చుండబెట్టి, నాటి మహాగణితజ్ఞులచేత వారికి పాఠము చెప్పించిన తొలి గొప్ప ప్రయత్నము ఫ్రాన్సు విప్లవకాలమున జరిగినది. 1795 జనవరి 20వ తేదీన పారిస్ నగరములో, ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలకు చెందిన ఉపన్యాసమందిరమున, 'ఎకోల్ నార్మల్' అను పాఠశాల తెరవబడెను. దేశములోని జిల్లాలన్నిటినుండి ఇంచుమించు 1400 మంది వచ్చిరి. వీరు పారిస్‌లో నేర్చుకొని, తమ తమ జిల్లాలకు తిరిగి వెళ్లి, అక్కడివారిని ఉపాధ్యాయులుగ తయారుచేయవలెనని ప్రభుత్వపు ఉద్దేశము. గణితము చెప్పుటకు నియమింపబడినవారు లాగ్రాంజ్, లాప్లాస్, మోంజ్. ఏ కాలమునందైనను ఏ ఉపాధ్యాయశిక్షణ విద్యాలయమునకైనను ఇంతటి గురుత్రయము దొరికినదని మేము వినలేదు.

ఆకాశవాణిలో పనిచేయువారము గనుక ఆ పాఠశాలలోని యొక నియమము మాకు మిక్కిలి ప్రీతికరముగ తోచినది. ఆచార్యులు వ్రాసికొన్నది చదువరాదు. కంఠస్థము చేసి అప్పగింపరాదు. అప్పటికప్పుడు తోచినట్లు మాటలాడవలెను. శీఘ్రలిపికారులు కూర్చుండి మాటమాటయు వ్రాసికొనుచుండిరి. ఆ ప్రతిని ఆచార్యులు సరిచూచిన పిమ్మట అచ్చువేయించిరి. మాటలాడిన పాఠమును ముద్రించి ఇంటింటికి పంపుట ఆనాడే ఆరంభమైనదన్నమాట.

మోంజ్ చెప్పినది యూక్లిడు కాదు. ఘనాకారము గల వస్తువును కాగితముమీద రెండు చిత్రములుగ, పైనుండి చూచినట్లొకటి, ఎదుటనుండి చూచినట్లొకటి, గీచి, ఆ రెంటినుండి వస్తువుయొక్క నిజమైన కొలతలను రాబట్టు విద్య యది. నేడు మన సాంకేతిక పాఠశాలలలో యంత్రముల చిత్రములు గీయు బాలురందరు వాడునది ఆ పద్ధతియే. మోంజ్ యువకుడై మెజియేర్ సైనికపాఠశాలలో నున్నపుడు కోటగోడల నిర్మాణమునకై ఈ విద్యను కనిపెట్టెను. సైనికాధికారులు దానిని పలు సంవత్సరములు రహస్యముగ నుంచిరి. ఆ రహస్యమును ఆయన మొదట బహిరంగముగ విప్పినది పల్లెలనుండియు పట్టణములనుండియు వచ్చిన కాబోవు ఉపాధ్యాయులయెదుట! దేశములోని శిల్పులకును, వడ్రంగులకును, రాతిపనివారికిని ఈ విద్య అందవలెనన్నచో అది ఉపాధ్యాయులద్వారా అందవలసినదే యని ఆయన నమ్మెను.

ఆ విద్యార్థులలో ఇరువదియారేండ్ల యువకుడొకడు ఉండెను. పేరు జోసెఫ్ ఫూరియే. తరువాతికాలమున ఉష్ణప్రసారమును గూర్చిన గణితమునకు లోకప్రసిద్ధుడైనవాడు. పాఠముల నడుమ చర్చాసమావేశములుండెడివి. వానిలో శిష్యుడు లేచి గురువును ప్రశ్నింపవచ్చును. ఫూరియే లేచి సరళరేఖకును సమతలమునకును గల నిర్వచనములు తృప్తికరముగ లేవనెను. రెండు బిందువులకు సమానదూరమున నుండు బిందువులన్నియు చేరి సమతలమనియు, ఒకే వరుసలో లేని మూడు బిందువులకు సమానదూరమున నుండు బిందువులన్నియు చేరి సరళరేఖ యనియు చెప్పవచ్చునని సూచించెను. దూరమను ఒక్క భావముపై అంతయు నిలిచినది. ఎంత చక్కని నిర్వచనము!

కాని ఈ నిర్వచనమును తొలిసారి రేఖాగణితపు తరగతిలో కూర్చున్న బాలునకు చెప్పగలమా? దారము లాగి పట్టుకొన్నపుడు సరళరేఖ ఎట్లుండునో ఆ బాలునకు తెలియును. అతనికి మూడు బిందువులను గూర్చి చెప్పినచో తెలిసినదికూడ తెలియకుండ పోవును. అట్లని ఉపాధ్యాయునకు దారము మాత్రమే తెలిసినచో చాలునా? ఈ రెంటి నడుమ చిక్కినదే మా కథ. తరువాతి రెండు శతాబ్దములలో జరిగిన వాదములన్నియు ఆ సమావేశములో ఫూరియే లేచి నిలుచున్న చోటునుండియే బయలుదేరినట్లు మాకు తోచును.

పాఠశాల నాలుగు మాసములు మాత్రము సాగి 1795 మే మాసమున మూతబడెను. 1400 మందిలో పలువురకు లాగ్రాంజ్, లాప్లాసుల పాఠములు తలకుమించినవైనవి. తమ ఊళ్లకు తిరిగి వెళ్లి పాఠశాలలు స్థాపింతురనుకొన్న ఆశ అంతగా నెరవేరలేదు. మోంజ్ పాఠములు మాత్రము 1799లో గ్రంథముగ వెలువడి ఐరోపా అంతట వ్యాపించినవి.

ఇంగ్లండు కథ వేరు. అక్కడ యూక్లిడు 19వ శతాబ్ది కడవరకును సింహాసనము దిగలేదు. బాలుడు సిద్ధాంతమును యూక్లిడు చెప్పిన వరుసలోనే చెప్పవలెను. వేరు దారిని సరియైన ఉపపత్తి చూపినను పరీక్షకుడు ఒప్పుకొనునో లేదో! ఈ బంధమును సడలించుటకై 1871లో కొందరు ఉపాధ్యాయులు రేఖాగణిత బోధనాభివృద్ధి సంఘము నొకదానిని స్థాపించిరి. అదియే 1897లో గణితసంఘమను పేరు దాల్చినది. ఎదుటిపక్షమున నిలిచి యూక్లిడును కాపాడబూనినవారిలో 'ఆలిస్' కథలను వ్రాసి పిల్లలను మురిపించిన లూయీ కారల్ ఒకడు. ఆయన అసలుపేరు డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డులో గణితోపన్యాసకుడు. 1879లో ఆయన ఈ తగవునే నాటకముగ వ్రాసెను. అందులో యూక్లిడు ప్రేతము రంగమునకు వచ్చి తన వ్యాజ్యెము తానే వినిపించుకొనును! 1901లో గ్లాస్గో నగరమున జరిగిన బ్రిటిష్ శాస్త్రసభలో జాన్ పెర్రీ యను ఇంజనీరు బాలురు కొలిచి, గీచి, తూచి నేర్చుకొనవలెనని గట్టిగ వాదించెను. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము యూక్లిడు వరుసను పట్టుబట్టుట మానుకొనెను. ఆ సంవత్సరమే హాల్, స్టీవెన్సుల 'స్కూల్ జామెట్రీ' వెలువడెను. మన దేశమున ఉన్నతపాఠశాలలలో చదివిన పెద్దలలో ఆ పుస్తకము పేరెరుగనివారు అరుదు.

బాలుని పుస్తకము మారినది, పరీక్ష మారినది. ఉపాధ్యాయునకు మాత్రము నిన్నటివరకు కంఠస్థము చేయించినవాడవు, రేపటినుండి కొలిపించుము అని చెప్పినట్లైనది. పోరాటమంతయు పాఠ్యక్రమముమీద సాగి, పాఠము చెప్పువాని చదువుమీదికి పోకుండుట ఆంగ్లేయుల సంస్కరణలోని పెద్దలోపమని మా అభిప్రాయము.

ఆ లోపమును సూటిగ పట్టుకొన్నవాడు జర్మనీ దేశస్థుడైన ఫెలిక్స్ క్లైన్. ఈయన 1849వ సంవత్సరము 4వ నెల 25వ తేదీన జన్మించెను. 25 అయిదునకు వర్గము, 4 రెండునకు వర్గము, 1849 నలుబదిమూడునకు వర్గము. ఆ మూడును అభాజ్యసంఖ్యలే. గణితజ్ఞునకు ఇంతకంటె తగిన జన్మదినము దొరకదు. 1872లో, ఇరువదిమూడేండ్ల వయసున, ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి పొందినపుడు ఆయన అచ్చువేసి పంచిన చిన్న గ్రంథము రేఖాగణిత చరిత్రనే మార్చినది. అయితే ఆ సందర్భముననే ఆయన సభలో చేసిన ప్రారంభోపన్యాసము ఆ గ్రంథమును గూర్చినది కాదు. అది గణితబోధనను గూర్చినది. పలువురు ఈ రెంటిని ఒకటిగ పొరబడిరి. పరిశోధనయు, ఉపాధ్యాయుల చదువును ఆయన మనసులో మొదటినుండియు ప్రక్కప్రక్కనే యుండినవని దీనివలన తెలియుచున్నది.

గ్రంథములోని భావము చెప్పుటకు కష్టమైనది కాదు. ఒక ఆకృతిని జరిపినను, త్రిప్పినను, అద్దములోవలె తారుమారు చేసినను దాని పొడవులు, కోణములు మారవు. అట్లు మారని గుణములను పరిశీలించునది మనము పాఠశాలలో చదువు రేఖాగణితము. మార్పులకు ఇంకను ఎక్కువ స్వేచ్ఛనిచ్చినచో పొడవులు, కోణములు చెదరిపోవును. అయినను కొన్ని గుణములు నిలుచును. వానిని చూచునది మరియొక రేఖాగణితము. ఏ మార్పులకు ఏ గుణములు నిలుచునో చూచుకొన్నచో రేఖాగణితములన్నియు ఒక కుటుంబముగ అమరును.

ఇది పాఠశాల ఉపాధ్యాయునకు ఎందులకని అడుగవచ్చును. ఒక ఉదాహరణము చూతము. త్రిభుజములో ప్రతి శీర్షమునుండి ఎదుటి భుజపు నడిమి బిందువునకు గీచిన మూడు రేఖలు ఒకేచోట కలియును. ప్రతి శీర్షమునుండి ఎదుటి భుజమునకు దింపిన మూడు లంబములును ఒకేచోట కలియును. పాఠ్యగ్రంథములో ఈ రెండు సిద్ధాంతములు అక్కచెల్లెండ్రవలె ప్రక్కప్రక్కన నుండును. ఇప్పుడు సమబాహుత్రిభుజాకారముగ కత్తిరించిన అట్టముక్కను ఎండలో పట్టుకొనుడు. దానిని వంచక వాల్చుచు, క్రింది పలకను కూడ వాల్చుచు పోయినచో ఏ రూపము గల త్రిభుజమునైనను నీడగా పొందవచ్చును. నీడలో సరళరేఖ సరళరేఖగనే యుండును. నడిమి బిందువు నడిమి బిందువుగనే యుండును. సమబాహుత్రిభుజములో నడిమి రేఖలు మూడును ఒకేచోట కలియునని చూచినంతనే తెలియును గదా! కావున ప్రతి త్రిభుజములోను అవి కలియవలసినదే. లంబముల మాట అట్లు కాదు. నీడలో లంబకోణము లంబకోణముగ నిలువదు. కాబట్టి లంబముల సిద్ధాంతమునకు ఈ దారి మూసికొనిపోవును. దానికి వేరు ఉపపత్తి వెదకుకొనవలెను. అక్కచెల్లెండ్రనుకొన్నవి వేరువేరు ఇండ్ల బిడ్డలని తేలినది. ఈ సంగతి తెలిసిన ఉపాధ్యాయుడు తరగతిలో పరివర్తనములను గూర్చి ఒక్కమాటయు చెప్పకపోవచ్చును. అయినను ఏ సిద్ధాంతము తరువాత ఏది చెప్పవలెనో, ఎక్కడ బాలుడు తడబడునో అతనికి తెలిసియుండును.

క్లైన్ ఎర్లాంగెన్ విడిచి, కొన్ని తావులు మారి, 1886లో గొట్టింగెన్ చేరెను. అక్కడ ఆయన కాబోవు ఉపాధ్యాయులకొరకు 1907 చలికాలమునుండి వరుసగ ఉపన్యాసము లిచ్చెను. మొదట అంకగణితము, బీజగణితము. 1908 వేసవిలో రేఖాగణితము. ఆ రెండవభాగమును ఎర్నస్ట్ హెల్లింగర్ వ్రాసిపెట్టగా 1909లో గ్రంథమైనది. ప్రాథమికగణితమును ఉన్నతస్థానమునుండి చూచుట యను అర్థము వచ్చు పేరు దానికి.

ఆ ఉపన్యాసముల ఆరంభమున క్లైన్ చెప్పిన రోగనిదానము నేటికిని చెల్లును. యువకుడు విశ్వవిద్యాలయమున ప్రవేశించినపుడు అక్కడి గణితమునకును తాను పాఠశాలలో చదివినదానికిని సంబంధమే కనబడదు, చదివినదానిని మరచిపోవును. అది మొదటి తెగుదల. చదువు ముగించి ఉపాధ్యాయుడై పాఠశాలకు తిరిగివచ్చినపుడు, విశ్వవిద్యాలయమున నేర్చినదానికిని తాను చెప్పవలసిన పాఠమునకును సంబంధము కనబడదు. అప్పుడు తన చిన్ననాటి గురువు చెప్పినట్లే తానును చెప్పును. అది రెండవ తెగుదల. నడుమ గడిచిన ఉన్నతవిద్య మంచి జ్ఞాపకముగ మిగులును; పాఠములో మాత్రము దాని జాడ యుండదు. త్రాడు రెండుచోట్ల తెగినపుడు నడిమి ముక్క ఎంత పట్టుదారమైనను నూతిలోని చేద పైకి రాదు.

ఆయన వైద్యము వినుటకు సులభముగ నుండును. క్రొత్తశాస్త్రములను ఇంకను చేర్చడు. విడివిడిగ చదివినవానికి గల సంబంధమును చూపును. ఉదాహరణకు, పాఠశాలలో త్రిభుజవైశాల్యము కేవలమొక సంఖ్య. క్లైన్ దానికి ధనఋణచిహ్నములను తగిలించెను. శీర్షములను ఎడమవైపు తిరుగు వరుసలో చెప్పినచో ధనము, కుడివైపు తిరుగు వరుసలో చెప్పినచో ఋణము. ఇది విని వట్టి వేడుకయని శిష్యులు నవ్వుకొనకుండ, వెంటనే ఆమ్‌స్లర్ కనిపెట్టిన చిన్నయంత్రమును వారియెదుట పెట్టి వివరించెను. పటములో ఒక చెరువు గట్టువెంట దాని మొనను త్రిప్పుకొనివచ్చినచో చెరువు వైశాల్యము ఆ యంత్రపు చక్రముమీద చదువుకొనవచ్చును. అది పనిచేయుటకు మూలము ఆ ధనఋణచిహ్నములే. ఉపన్యాసముల కడపటి భాగమున ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీ, జర్మనీ దేశములలో రేఖాగణితబోధన ఎట్లు నడచినదో వివరించెను. తాను చేపట్టబోవు వృత్తికి చరిత్రయున్నదని కాబోవు ఉపాధ్యాయునకు తెలియవలెనని ఆయన పట్టుదల. ఆ 1908లోనే రోము నగరమున జరిగిన గణితజ్ఞుల మహాసభ అంతర్జాతీయ గణితబోధనాసంఘమును నెలకొల్పి, ఆయనను దానికి తొలి అధ్యక్షుని చేసెను.

ఇక్కడ మన దక్షిణదేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి చెప్పవలెను. 1893లో మదరాసులో టి. సుందరరావు అనువారు కాగితపు మడతలతో రేఖాగణితమును సాధించు చిన్నపుస్తకము నొకదానిని ఇంగ్లీషున ప్రకటించిరి. పసిపిల్లల పాఠశాలలలో వాడు రంగుకాగితములనుండి ఆయనకు ఆ యూహ కలిగినది. కత్తెర, కంపాసు లేకుండ కాగితమును మడచి కోణమును రెండుగ చేయుట మొదలు క్రమబహుభుజులవరకు అందులో గలవు. 1895లో ఉపాధ్యాయులకొరకు క్లైన్ ప్రకటించిన మరియొక ఉపన్యాసగ్రంథములో ఈ పుస్తకము ప్రస్తావన వచ్చెను. దానిని చూచి అమెరికాలోని బీమన్, స్మిత్ అను ఆచార్యులు తెప్పించుకొని 1901లో చికాగోలో తిరిగి అచ్చువేయించిరి. మదరాసులో పుట్టిన పుస్తకము గొట్టింగెన్‌మీదుగ చికాగో చేరినది. మడతలతో ఘనసమీకరణములను సాధింపవచ్చునని 1936లో ఇటలీ దేశపు గణితవిదుషి మార్గెరీటా బెలోక్ చూపిన పిమ్మట ఆ కాగితపు ఆట పెద్దగణితమే యని తేలినది.

గొట్టింగెన్‌లో క్లైనుతోపాటు హిల్బర్ట్ కూడ ఉండెను. ఈయన మార్గము వేరు. 1899లో ప్రకటించిన గ్రంథమున యూక్లిడు చెప్పక విడిచిన స్వీకృతములనన్నిటిని పూరించి రేఖాగణితమును తిరిగి కట్టెను. యూక్లిడు ఏమి విడిచెనో వినదలచినవారు కాగితము, పెన్సిలు తీసికొనుడు. క చ ట అను త్రిభుజములో క వద్ద కోణమును సమముగ ఖండించు రేఖను గీయుడు. చ ట భుజపు నడిమి బిందువునుండి లంబమును లేపుడు. అవి త్రిభుజములోపల మ అను బిందువువద్ద కలిసినవనుకొనుడు. మ నుండి క చ మీదికి మ ప అను లంబమును, క ట మీదికి మ బ అను లంబమును దింపుడు. కోణము సమముగ ఖండింపబడినది గనుక క ప, క బ సమానము. మ ప, మ బ సమానము. మ చ, మ ట కూడ సమానమే. అందుచేత ప చ, బ ట సమానము. కూడినచో క చ, క ట సమానము. అనగా లోకములో ప్రతి త్రిభుజమును సమద్విబాహువే!

దోషమెక్కడ? వాదములో వరుస తప్పలేదు. బొమ్మయే తప్పు. క చ, క ట అసమానములైనచో మ ఎన్నడును త్రిభుజములోపల పడదు, బయట పడును. అప్పుడు దింపిన లంబములలో ఒకటి భుజముమీదను, రెండవది పొడిగించిన భుజముమీదను పడును. ఒకచోట కూడవలెను, ఒకచోట తీసివేయవలెను. 'లోపల', 'బయట', 'నడుమ' అను మాటలకు యూక్లిడు నియమము చెప్పలేదు, కంటికి విడిచిపెట్టెను. 1882లో పాష్, తరువాత హిల్బర్టు ఆ నియమములను చెప్పిరి. తరగతిలో తెలివిగల బాలుడొకడు ఈ వాదమును నల్లబల్లమీద వ్రాసిన దినమున ఉపాధ్యాయునకు పాష్ పేరు తెలియకపోయినను చిక్కులేదు, చిక్కు ఎక్కడున్నదో తెలియవలెను. బొమ్మ జాగ్రత్తగ గీయుము అని మందలించి కూర్చుండబెట్టుట సమాధానము కాదు.

హిల్బర్టు బాటను కొందరు కడవరకు నడిచిరి. 1959లో ఫ్రాన్సులోని రొయామాఁ అను చోట జరిగిన అంతర్జాతీయసదస్సులో జాఁ ద్యుదొనే యను గణితజ్ఞుడు యూక్లిడు తొలగిపోవలెనని ఘోషించెను. 1964లో ఆయన ఉన్నతపాఠశాలల ఉపాధ్యాయులను ఉద్దేశించి బీజగణితపద్ధతిని రేఖాగణితము వ్రాసి, అందులో ఒక్క బొమ్మయు వేయలేదు. బొమ్మ లేకుండ త్రిభుజములను గూర్చి చెప్పవలసిన అవస్థ ఆకాశవాణివారికి విధిలేక వచ్చినది. ఆయన కోరి తెచ్చుకొనెను! క్లైన్ ఉపాధ్యాయునకు ఉన్నతస్థానము చూపినది పాఠశాలను అక్కడినుండి చూచుటకు. ఇది పాఠశాలనే ఎత్తి పైన పెట్టవలెనను ప్రయత్నము. 1960లలో పలుదేశములు ఆ దారిని నవీనగణితమును తెచ్చి, 1970లలో చాలవరకు వెనుదిరిగినవి.

ఆ కోలాహలమునకు రెండేండ్లు ముందే హాలండు దేశమున నెమ్మదిగ మరియొక పని జరిగినది. పియెర్ వాన్ హీలె, డీనా వాన్ హీలె-గెల్డోఫ్ దంపతులు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. 1957లో ఇరువురును ఊట్రెక్ట్ విశ్వవిద్యాలయమునకు పరిశోధనవ్యాసములు సమర్పించిరి. భర్త సిద్ధాంతమును వ్రాసెను. భార్య పన్నెండేండ్ల పిల్లల తరగతిలో తాను చెప్పిన పాఠములను, పిల్లల మాటలతో సహా, వ్రాసెను. ఆమె పిల్లల చేతికి ఘనాకృతులనిచ్చి, నేలపై పలకలు పరచినట్లు కాగితముమీద ఆకృతులను పేర్పించి, అందులో సమాంతరరేఖలను, సమానకోణములను వారిచేతనే కనిపెట్టించెను.

వారు చెప్పినదేమనగా, రేఖాగణితములో బుద్ధి అంతస్తులుగ ఎదుగును. మొదటి అంతస్తులో బాలుడు చతురస్రమును మనిషి ముఖమువలె గుర్తుపట్టును. దానిని మూలమీద నిలబెట్టినచో ఇది చతురస్రము కాదనును. రెండవ అంతస్తులో దాని గుణములను ఏకరువుపెట్టును. మూడవదానిలో ఒక గుణమునుండి మరియొకటి ఎట్లు వచ్చునో చూచి, ప్రతి చతురస్రమును దీర్ఘచతురస్రమే యని ఒప్పుకొనును. నాలుగవదానిలో ఉపపత్తియొక్క అవసరము తెలియును. అయిదవది హిల్బర్టు నివసించు మేడ. ఒక అంతస్తులోని మనిషి మాట మరియొక అంతస్తువానికి వినబడినను అర్థము కాదు. 'చతురస్రము' అను మాట ఇద్దరును వాడుచుందురు. ఇద్దరి మనసులలోను వేరువేరు వస్తువులుండును. నాలుగవ అంతస్తునుండి ఉపాధ్యాయుడు పలుకుచుండ, మొదటి అంతస్తులోని బాలుడు ఆ మాటలను కంఠస్థము చేయును. కంఠస్థము చేసినవాడు మార్కులు తెచ్చుకొనును గనుక ఎవరికిని అనుమానము రాదు.

క్లైన్ చెప్పిన రెండవ తెగుదల ఎట్లుండునో ఈ దంపతులు తరగతిలో చూపిరి. క్లైన్ ఉపన్యాసములు మొదటి తెగుదలను మాన్పినంతగా రెండవదానిని మాన్పలేదని మేమనుకొందుము. ఉన్నతస్థానమునకు ఎక్కుటకు ఆయన మెట్లు కట్టెను. దిగుటకు బాలుడేమెట్టుమీద నిలిచెనో చూడవలెను గదా. డీనా తన వ్యాసము వెలువడిన మరుసటి యేడు, 1958లో, మరణించెను. ఆ పరిశోధనను సోవియట్ విద్యావేత్తలు 1960లలో తమ పాఠ్యక్రమమునకు ఆధారము చేసికొనిరి. అమెరికావారు 1970లలో మేలుకొనిరి.

మన దేశమున డిగ్రీలో గణితము ఒకచోట, బోధనాపద్ధతి మరియొకచోట చదువుట చిరకాలపు ఆచారము. తెగుదలకు అది అనువైన యేర్పాటే. 1963లో జాతీయ విద్యాపరిశోధనసంస్థవారు అజ్మీరు, భోపాలు, భువనేశ్వరము, మైసూరులలో ప్రాంతీయకళాశాలలను స్థాపించి, శాస్త్రమును బోధనను నాలుగేండ్లు కలిపి చెప్పించు తరగతులను తెరచిరి. దక్షిణరాష్ట్రములకు మైసూరు కేంద్రము. తెలుగు విద్యార్థులు వెళ్లునదియు అక్కడికే. 2020 నాటి జాతీయవిద్యావిధానము అట్టి నాలుగేండ్ల సమగ్రశిక్షణయే 2030 నాటికి ఉపాధ్యాయునకు కనీసార్హత కావలెనని నిర్దేశించినది. నాలుగేండ్లు ఒకే కప్పుక్రింద గడిపినంతమాత్రమున రేఖాగణితమును బోధనయు కలిసిపోవునా యనునది వేరు ప్రశ్న. ఆ కప్పుక్రింద చెప్పువారు ఎవరో దానినిబట్టి యుండును.

దీనిని గూర్చి ఆలోచింపదగిన పరిశీలన యొకటి 1999లో వెలువడినది. లిపింగ్ మా అను చైనా దేశపు విదుషి 23 మంది అమెరికా ప్రాథమికోపాధ్యాయులును, 72 మంది చైనా ప్రాథమికోపాధ్యాయులును ఒక ప్రశ్నకు చెప్పిన సమాధానములను పోల్చి చూచెను. ఒక బాలిక మీవద్దకు సంతోషముతో పరుగెత్తుకొనివచ్చినది. ఆకృతి చుట్టుకొలత పెరిగినచో వైశాల్యమును పెరుగునని తాను కనిపెట్టితిననుచున్నది. ఋజువుగ రెండు బొమ్మలు చూపినది. నాలుగు ప్రక్కలు 4 గల చతురస్రమునకు చుట్టుకొలత 16, వైశాల్యము 16. పొడవు 8, వెడల్పు 4 గల దీర్ఘచతురస్రమునకు చుట్టుకొలత 24, వైశాల్యము 32. మీరేమందురు?

పొడవు 10, వెడల్పు 1 గల ఆకృతిని తీసికొనుడు. చుట్టుకొలత 22, వైశాల్యము 10 మాత్రమే. బాలిక సిద్ధాంతము నిలువదు. అమెరికా ఉపాధ్యాయులందరు డిగ్రీలు గలవారు. వారిలో ఇట్లు స్వయముగ పరిశీలించి తప్పు తేల్చినది ఒక్కరు. చైనా ఉపాధ్యాయులలో అధికసంఖ్యాకులు తేల్చిరి. కొందరు అంతటితో ఆగక, ఎప్పుడు రెండును పెరుగును, ఎప్పుడు పెరుగవు అని విడదీసి చూపిరి. వీరు తొమ్మిది తరగతులు చదివి, రెండుమూడేండ్లు ఉపాధ్యాయశిక్షణ పొందినవారు. విశ్వవిద్యాలయమున అడుగు పెట్టనివారు. ఇంతటి పట్టు మీకెక్కడిదని అడుగగా వారు చెప్పిన సమాధానములో కళాశాల పేరు రాలేదు. పాఠ్యగ్రంథమును ప్రతియేడు క్రొత్తగ చదువుకొందుమనిరి. తోటి ఉపాధ్యాయులతో కూర్చుండి, ఈ సిద్ధాంతము నిట్లేల చెప్పవలెను, వేరువిధముగ చెప్పినచో ఏమగును అని వాదించుకొందుమనిరి. పిల్లలు అడిగిన ప్రశ్నలనుండి కొంత నేర్చుకొంటిమనిరి.